పారిస్‌లో వందేళ్ళ నాటి బిస్ట్రోలో ఒక పూట భోజనం: అమ్మానాన్నలను ఎక్కడికి తీసుకెళ్ళాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మే నెలలో మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు. మేముండేది స్టుట్‌గార్ట్‌లో, అక్కడి నుంచి పారిస్‌కు నేరుగా రైలుంది కాబట్టి ఒక వారాంతం ప్లాన్ చేశాం. నాన్నగారు చరిత్ర లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఈఫిల్ టవర్ కిందనుంచి చూసినా చాలట, కానీ ఆ ఊరివాళ్ళు తరతరాలుగా తింటున్న పాత బిస్ట్రోలో, అంటే చిన్న సాదా భోజనశాలలో, ఒక పూట కూర్చుని భోంచెయ్యాలని ఆయన కోరిక. ఆయన చికెన్, మటన్, చేప తింటారు, బీఫ్, పోర్క్ తినరు. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నేనూ మా ఆవిడా ఏదైనా తింటాం. తెల్ల దుప్పట్లు, పదిరకాల స్పూన్లు ఉండే ఖరీదైన రెస్టారెంట్లు వద్దు. అమ్మ ఆకలితో బయటికి రాకూడదు, నాన్న కోరిక తీరాలి. ఎక్కడికి వెళ్ళమంటారు?

యానాం_మనవడు:
మా తాతగారు యానాం నుంచి ఫ్రెంచి సైన్యంలో చేరి ఇక్కడే స్థిరపడ్డారు. నేను పుట్టి పెరిగింది పారిస్ శివార్లలోనే. నాన్నగారు చరిత్ర మనిషి అన్నారు కాబట్టి నా ఓటు సందేహం లేకుండా బుయ్యోం షార్తియేకే. బుయ్యోం అంటే మాంసం రసం, అది పెట్టే చవక భోజనశాలకూ అదే పేరు. ఫోబూర్ మోంమార్త్ర్ వీధిలో 7వ నంబరు, గ్రాం బుల్‌వార్ మెట్రో స్టేషన్‌కు దగ్గర. వీధిలోంచి చూస్తే ఏమీ కనపడదు. ఒక సందులోంచి లోపలికి నడవాలి.

1896లో షార్తియే అన్నదమ్ములు పెట్టారు. అసలు ఈ బుయ్యోం పద్ధతి అంతకంటే పాతది. 1850లలో ద్యువాల్ అనే మాంసం వ్యాపారి లే ఆల్ పెద్ద మార్కెట్ దగ్గర కూలీల కోసం వేడి వేడి మాంసం రసం, అందులో ఉడికిన ముక్కలు తక్కువ ధరకు పెట్టడం మొదలుపెట్టాడు. శుభ్రంగా, వేగంగా, చవగ్గా. పారిస్ అంతటా అలాంటివి వెలిశాయి, తర్వాత చాలావరకు మూతపడ్డాయి. షార్తియే నిలబడింది. 1989లో ఆ హాలును చారిత్రక కట్టడంగా గుర్తించారు. గాజు పైకప్పు, గుండ్రటి దీపాలు, పెద్ద అద్దాలు, బల్లల పైన టోపీలూ కోట్లూ పెట్టుకునే ఇత్తడి అరలు. గోడకు నంబర్లు వేసిన చిన్న చిన్న సొరుగులుంటాయి. రోజూ వచ్చేవాళ్ళు తమ నాప్‌కిన్ అందులో దాచుకునేవారు. నాన్నగారికి ముందు అవే చూపించండి.

వెయిటర్లు బోలెడు జేబులున్న నల్ల వెయిస్ట్‌కోటు, తెల్ల ఏప్రన్ వేసుకుంటారు. మీరు చెప్పింది బల్లమీద పరిచిన కాగితం మీదే రాసుకుంటారు, చివర్లో లెక్కా అక్కడే వేస్తారు. బుకింగ్ ఉండదు, వెళ్ళి లైన్లో నిలబడాలి. కుర్చీలు ఖాళీగా ఉంటే తెలియనివాళ్ళను మీ బల్ల దగ్గరే కూర్చోబెడతారు. నాకు అన్నిటికంటే నచ్చేది అదే. మా తాతగారు జీతం రోజున మమ్మల్ని అక్కడికే తీసుకెళ్ళేవారు.

పచ్చిమిర్చి:
యానాం గారితో సగమే ఏకీభవిస్తాను. హాలు అద్భుతం, చరిత్ర నిజం. తిండి మాత్రం మామూలు. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్తే లైను పెరట్లోంచి వీధి దాకా వస్తుంది, లోపల హోరు. అరవై దాటిన పెద్దవాళ్ళను ఆ లైన్లో నిలబెట్టడం నాకిష్టం లేదు. పైగా గోదారిగట్టు గారు బిస్ట్రో అడిగారు, ఇది బుయ్యోం.

పారిస్ బిస్ట్రోల వెనక ఉన్నది వేరే మనుషులు. మధ్య ఫ్రాన్స్‌లోని ఓవెర్న్ కొండప్రాంతం నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన పేదలు మొదట ఇళ్ళకు నీళ్ళు మోశారు, తర్వాత బొగ్గు అమ్మారు. ఒక పక్క బొగ్గు, ఒక పక్క వైను అమ్మే చిన్న కొట్లు అలా మొదలయ్యాయి. భర్త బొగ్గు మోస్తుంటే భార్య లోపల ఒక కుండ కూర వండి పెట్టేది. ఆ కొట్లే చాలావరకు కేఫేలూ బిస్ట్రోలూ అయ్యాయి. బ్రాసరీలు ఇంకొక వంశం: బీరుతో పాటు అల్సాస్ నుంచి వచ్చినవి, పెద్ద హాళ్ళు, రోజంతా వంట. సాం జెర్మాం పేటలోని లిప్ అనే బ్రాసరీని 1880లో పెట్టింది అల్సాస్ మనిషే. 1920లో దాన్ని కొన్నాయన ఓవెర్న్‌ను ఆనుకుని ఉన్న అవెరోం నుంచి వచ్చాడు. ఆ ఒక్క చోటే రెండు కథలూ కలిశాయి.

కాబట్టి నా సలహా పోలిదోర్. ఒదెయోం దగ్గర మొస్య ల ప్రాన్స్ వీధిలో 41. 1845లో పాలు, వెన్న, జున్ను అమ్మే కొట్టుగా మొదలై తర్వాత భోజనశాల అయింది. పొడవాటి బల్లలు, ఎర్ర గళ్ళ గుడ్డలు, చిన్న హాలు. భోజనమయ్యాక లుక్సెంబూర్ తోటలోకి నడిచి వెళ్ళొచ్చు, పెద్దవాళ్ళకు కూర్చోవడానికి కుర్చీలుంటాయి.

యానాం_మనవడు:
పోలిదోర్ మంచి ఎంపిక, కాదనను. కానీ తిండి మామూలు అన్న మాట దగ్గర ఆగుతాను. షార్తియేలో గుడ్డు మయోనైజ్, వెనిగర్ పోసిన లీక్ కాడలు (లావుపాటి ఉల్లికాడల్లాంటివి), కాల్చిన కోడి ఉంటాయి. అవి మామూలు వంటలే. ఆ మామూలు వంటను మామూలు జీతగాడు కొనగలిగే ధరకు నూట పాతికేళ్ళుగా పెడుతున్నారు. పారిస్ నడిబొడ్డున ఈ రోజుకీ అక్కడ తక్కువ డబ్బుతో కడుపునిండా తినొచ్చు. నాకు దానికంటే పెద్ద రుచి లేదు. లైను సంగతి మాత్రం నిజం. మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళండి. అక్కడ మధ్యలో కట్టెయ్యరు.

తులసికోట:
గోదారిగట్టు గారూ, అమ్మగారి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను శాకాహారిని, చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, ఆఫీసువాళ్ళతో బిస్ట్రోలకు వెళ్ళక తప్పదు.

మొదటి సంగతి: మాంసం లేకుండా అని ఒక్క మాట చెబితే చాలదు. సన్నగా తరిగిన పందిమాంసం ముక్కల్ని, వాటిని లార్దోం అంటారు, ఇక్కడ చాలామంది మాంసం కింద లెక్కవెయ్యరు. సలాడ్‌లో చల్లి తెస్తారు. అందుకని మాంసం వద్దు, చేప వద్దు, లార్దోం వద్దు, గుడ్డు వద్దు అని విడివిడిగా చెప్పండి. నేను ఒక చీటీ మీద ఫ్రెంచిలో రాసుకుని చూపిస్తాను. వెయిటర్ అదే చీటీ వంటింట్లోకి తీసుకెళ్తాడు.

ఉల్లిపాయ సూప్ చూసి మోసపోవద్దు, అడుగున ఉండేది సాధారణంగా బీఫ్ ఉడికించిన నీళ్ళే. సెలెరీ దుంప తురుముతో చేసే సెలెరీ రెమూలాడ్‌లో మయోనైజ్, అంటే గుడ్డు. చాక్లెట్ మూస్‌లో గుడ్డు, క్రెమ్ కారమెల్‌లో గుడ్డు, తెల్లసొన మేఘంలా తేలే ఈల్ ఫ్లోటాంత్ మొత్తం గుడ్డే. జున్నులో చాలావాటిని దూడ పొట్టలోంచి తీసిన రెనెట్‌తోనే తోడుపెడతారు. అమ్మగారికి ఆ పట్టింపు ఉంటే జున్ను జోలికే వెళ్ళొద్దు, కోంతే, కమంబేర్ లాంటి పేరున్నవాటితో సహా.

ఇక తినగలిగేవి. మే నెల అన్నారు, ఆస్పరాగస్ కాలం. లావుపాటి తెల్ల కాడలు ఉడికించి పెడతారు. గుడ్డు పడే హొలాండేజ్ సాస్ వద్దని, నూనె, వెనిగర్, ఆవముద్ద కలిపిన వినైగ్రెట్ కావాలని అడగండి. లీక్ కాడలు కూడా అంతే, పైన ఉడికిన గుడ్డు తురుము వెయ్యొద్దని చెప్పాలి. తురిమిన క్యారెట్ నిమ్మరసంతో, బీట్‌రూట్ సలాడ్, ల ప్యుయి నుంచి వచ్చే ఆకుపచ్చ పప్పు సలాడ్. ఈ పప్పు నాకు ప్రాణం. చిన్నది, ఉడికినా చితకదు. అందులోనూ లార్దోం ఉందేమో అడగండి. తర్వాత గ్రాతాం దోఫినువా: బంగాళాదుంప పలుచటి బిళ్ళలు, మీగడ, వెల్లుల్లి, సన్నటి మంట మీద ఓవెన్‌లో. అసలు పద్ధతిలో గుడ్డుండదు, కొన్ని చోట్ల వేస్తారు. చివర్లో పండ్ల సోర్బే, లేదా చెస్ట్‌నట్ గుజ్జు మీద మీగడ.

ఇవన్నీ పక్క వంటకాలే, నిజమే. కానీ మూడు పక్క వంటకాలు, వాళ్ళ బ్రెడ్డు, వెన్న పెట్టుకుంటే నాకు ఎప్పుడూ ఆకలి మిగల్లేదు.

కత్తిపీట:
హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఇప్పుడు ఇక్కడ ఒక బిస్ట్రో వంటింట్లో పనిచేస్తున్నా. తులసికోట అక్క చెప్పినవన్నీ కరెక్ట్. నాన్నగారి విషయంలో ఒకటి కలుపుతా, ఇది మెనూలో ఎక్కడా కనపడదు.

పాత పద్ధతి వంటింట్లో పెద్ద కుండలో దూడ ఎముకలు గంటల తరబడి కాగుతుంటాయి. ఆ రసమే చాలా సాసులకు పునాది. బాతు వంటకం అడిగినా, మీద పోసే సాసులో దూడ రసం ఉండొచ్చు. బీఫ్ తినని వాళ్ళు ఇది అడగాలి. వైన్‌లో వండే కోడి, కోక్ ఓ వాం, పేరుకు కోడే గానీ అందులో లార్దోం పడుతుంది. బ్లాంకెత్ అని తెల్లటి కూర కనిపిస్తుంది, చికెన్ అనుకుని చాలామంది చెప్తారు. అది దూడ మాంసం.

నాన్నగారికి నేను చెప్పేవి మూడు. బాతు కోంఫీ: కాళ్ళకు ఉప్పు పట్టించి ఒక రాత్రి ఉంచి, బాతు కొవ్వులోనే గంటల కొద్దీ సన్నసెగన మగ్గించి, వడ్డించే ముందు తోలు కరకరలాడేలా కాలుస్తాం. సాస్ సాధారణంగా ఉండదు. పక్కన అదే కొవ్వులో వేపిన బంగాళాదుంప వస్తుంది, అది అమ్మగారి ప్లేట్లోకి వెళ్లకుండా చూసుకోండి. రెండోది సోల్ మునియేర్: చేపకు పిండి అద్ది వెన్నలో వేపి నిమ్మకాయ పిండుతాం, దాచింది ఏమీ ఉండదు. మూడోది, వసంతంలోనే దొరికేది, నవరాం: లేత గొర్రెమాంసం, టర్నిప్, క్యారెట్, పచ్చిబఠానీలు కలిపి ఉడికించిన కూర. మటన్ తినేవాళ్ళకు ఇది దొరికితే వదలొద్దు. దీంట్లో కూడా రసం సంగతి అడగాలి.

ఇంకో మాట. కారం లేదని, ఉప్పు తగ్గిందని మొదటి ముద్దకే అనుకోవద్దు. ఉల్లిపాయను ముప్పావుగంట కదుపుతూ గోధుమరంగుకు తెచ్చేవాడి కష్టం నాకు తెలుసు. ఆ తీపి నాలుకకు అందడానికి నాలుగు ముద్దలు పడుతుంది.

ఓరుగల్లు_కుర్రాడు:
తిండి సంగతి అయింది, డబ్బుల సంగతి నేను చెప్తా. ఒక పెద్ద పర్యాటక స్థలం పక్కన నీళ్ళు అడిగితే సీసా తెచ్చి బిల్లులో ఏడు యూరోలు వేశారు. పేరు అనవసరం. ఫ్రాన్స్‌లో భోజనంతో పాటు కుళాయి నీళ్ళ కూజా ఉచితం, అది చట్టం. కరాఫ్ దో అని అడగండి. బ్రెడ్డు కూడా ఉచితమే, అయిపోతే మళ్ళీ తెస్తారు. సర్వీసు చార్జీ ధరలోనే కలిసి ఉంటుంది. టిప్ తప్పనిసరి కాదు, నచ్చితే ఒకటి రెండు యూరోలు బల్లమీద వదలొచ్చు.

మధ్యాహ్నం గోడమీది పలకపై రాసే ఆ పూట వంటకం చూడండి. స్టార్టర్‌తో మెయిన్, లేదంటే మెయిన్‌తో డిజర్ట్, ఇలా రెండూ కలిపి ఒకే ధరకు ఇచ్చే ఫోర్ముల్ కూడా మధ్యాహ్నమే చవక. ఆఫీసుల వాళ్ళు దానికోసమే వస్తారు.

బిల్లు వాళ్ళంతట వాళ్ళు తేరు, అడగాలి. మనల్ని పట్టించుకోవట్లేదని టెన్షన్ పడొద్దు. ఆ బల్ల ఆ పూటకు మనదే, లేవమని చెప్పడం అక్కడ మర్యాద కాదు. షార్తియే లాంటి చోట్ల మాత్రం లైను ఉంటుంది కాబట్టి తినగానే లేవాలి. లోపలికి అడుగుపెట్టగానే బోంజూర్ చెప్పడం మర్చిపోకండి. చెప్పినప్పుడు వచ్చే మొహమూ చెప్పనప్పుడు వచ్చే మొహమూ వేరు.

గోదారిగట్టు:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. కత్తిపీట తమ్ముడూ, ఆ దూడ రసం సంగతి నువ్వు చెప్పకపోతే మాకు తట్టేదే కాదు. ఒక చిన్న ప్రశ్న. అమ్మ ఎక్కడికి వెళ్ళినా కందిపొడి డబ్బా తెచ్చుకుంటుంది. బల్లమీద తీస్తే తప్పా?

పచ్చిమిర్చి:
తియ్యకండి. అది వాళ్ళ ఇల్లు లాంటిది, వాళ్ళు పెట్టింది తినాలి.

తులసికోట:
పచ్చిమిర్చి గారూ, ఇందులో మీతో ఒప్పుకోలేను. నలుగురు తినే చోట తినడానికి అరవై ఏళ్ళ అలవాటును పక్కనపెట్టి వచ్చే మనిషి ఆవిడ. చిన్న డబ్బాలోంచి చెంచాడు పొడి ఉడికిన బంగాళాదుంప మీద చల్లుకుంటే ఎవరికీ నష్టం లేదు. వెయిటర్‌ను ముందు అడగండి. నేను అడిగిన చోటల్లా సరేనన్నారు, ఒకాయన రుచి కూడా చూశాడు. బయటి భోజనం తెచ్చుకుని తినడం వేరు, అది తప్పే.

కత్తిపీట:
వంటింట్లోంచి చూస్తే నాకూ అభ్యంతరం లేదు. కానీ కోంఫీ మీద మాత్రం వద్దు.

గోదారిగట్టు:
వెళ్ళొచ్చాం. శనివారం మూడు గంటలకు షార్తియే, ఆదివారం మధ్యాహ్నం పదకొండో వార్డులో మా హోటల్ దగ్గరున్న ఒక చిన్న బిస్ట్రో. పోలిదోర్ ఈసారి కుదర్లేదు.

షార్తియేలో లైను పావుగంట కూడా లేదు. మా బల్ల దగ్గర ఒక పెద్దాయన ఒక్కరే వచ్చి కూర్చున్నారు. నాన్న ఆ సొరుగుల గురించి సైగలతో అడిగితే ఆయన లేచి తీసుకెళ్ళి చూపించారు. ఇద్దరికీ ఒక భాష లేదు, అయినా కాఫీ దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. నాన్న కాల్చిన కోడి తిన్నారు. అమ్మకు తురిమిన క్యారెట్, లీక్ కాడలు, ఉడికించిన బీన్స్ చెప్పాం. చీటీ బాగా పనిచేసింది, వెయిటర్ రెండుసార్లు చదివి వెళ్ళాడు. అమ్మకు లీక్ కాడలు నచ్చాయి, ఆవాల ఘాటు మన నాలుకకు దగ్గరగా ఉందంది.

ఆదివారం బిస్ట్రోలో పలక మీద నవరాం ఉంది. రసం గొర్రె ఎముకలదే అని వంటాయనే బయటికి వచ్చి చెప్పారు. నాన్న అంత తృప్తిగా తినడం చూసి చాలా కాలమైంది. తినేశాక, ఈ కూర వండినాయనకు దండం పెట్టాలిరా అన్నారు. గ్రాతాంలో గుడ్డు లేదన్నారు, అమ్మ మొత్తం తినేసింది. కందిపొడి బయటికి తియ్యాల్సిన అవసరం రాలేదు.

మా ఆవిడకు మాత్రం షార్తియే హోరు నచ్చలేదు, చిన్న బిస్ట్రోయే బాగుందంటుంది. నాకు రెండూ కావాలి.

సోన్_నది_పక్కన:
ఆలస్యంగా చూశాను. పారిస్ గురించే మాట్లాడుతున్నారు గానీ, పాత వంట కోసమైతే లియోన్ రండి. ఇక్కడి చిన్న భోజనశాలల్ని బుషోం అంటారు. పట్టు నేసే కార్మికులు తెల్లవారుజాము నుంచి మగ్గం మీద పనిచేసి పొద్దున్నే గట్టిగా తినేవారు. ఆ పొద్దుటి భోజనం ఇప్పటికీ కొన్ని చోట్ల పెడతారు. వైను అడుగు మందంగా ఉండే 46 సెంటీలీటర్ల సీసాలో వస్తుంది.

ఈ ఊరి వంటను నిలబెట్టింది ఆడవాళ్ళు. పెద్ద ఇళ్ళలో వంటమనుషులుగా ఉండి, తర్వాత సొంతంగా హోటళ్ళు పెట్టుకున్నారు. వాళ్ళలో యుజెనీ బ్రాజియే పల్లెటూరి పేదపిల్ల. 1921లో రుఆయాల్ వీధిలో సొంతంగా మొదలుపెట్టింది, తర్వాత ఇంకొకటి పెట్టింది, 1933లో ఆ రెండు హోటళ్ళకూ మూడేసి మిషెలిన్ నక్షత్రాలు, అంటే ఆ హోటళ్ళ గైడ్ ఇచ్చే అత్యున్నత గుర్తింపు, తెచ్చుకుంది. ప్రఖ్యాత వంటమాస్టర్ పాల్ బొకూజ్ ఆవిడ దగ్గర పనిచేశాడు. ఆయన పేరు తెలిసినవాళ్ళందరికీ ఆవిడ పేరు కూడా తెలియాలని నా పట్టుదల.

శాకాహారులకు మాత్రం ముందే చెప్తున్నా: బుషోం మెనూ అంటే పొట్టపేగులు, సాసేజీలు, కాలేయం. చేపతో చేసే కెనెల్ బాగుంటుంది, కానీ పాత పద్ధతిలో అందులో బీఫ్ కొవ్వు వేస్తారు, బీఫ్ తినని నాన్నగారిలాంటి వారు ముందు అడగాలి. శాకాహారికి దొరికేది ఉల్లి, మూలికలు కలిపిన తాజా జున్ను, పప్పు సలాడ్, గ్రాతాం, అంతే.

ఓరుగల్లు_కుర్రాడు:
అన్నా, మేం ఆగస్టులో వద్దామనుకుంటున్నాం. లియోన్, పారిస్ రెండూ. అప్పుడు ఇవి తెరిచే ఉంటాయా?

సోన్_నది_పక్కన:
కుటుంబాలు నడిపే పాతవి చాలావరకు ఆగస్టులో రెండు మూడు వారాలు మూసేస్తారు. మిగతా నెలల్లోనూ ఆదివారం, సోమవారం సెలవు ఎక్కువ. వీలైతే సెప్టెంబరు రెండో వారానికి మార్చుకో తమ్ముడూ. మార్చుకోలేకపోతే షార్తియే ఆగస్టులోనూ ఉంటుంది. లియోన్‌లో ఎక్కడికైనా ముందు ఫోన్ చెయ్యి. వంటింటి సమయాలు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు లోపు, రాత్రి ఏడున్నర తర్వాత. రెండున్నరకు వస్తే ఎంత బతిమాలినా పొయ్యి వెలిగించరు.